విదేశీ పెట్టుబడి – స్వదేశీ పాలన

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

జూబిలీ వేళ విదేశీ పెట్టుబడులను గురించిన ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చు. అది ఆర్థికమంత్రులకూ పత్రికాసంపాదకులకూ సంబంధించిన విషయమని సామాన్యంగా అనుకుంటారు. కాని మహదేవపుర వాసులకు ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ విదేశీ పెట్టుబడి అంటే నెల మొదట్లో కట్టే ఇంటి అద్దె. వేసవిలో వీధి మలుపు తిరిగే నీటి ట్యాంకరు. ఉద్యోగం దొరికిన కొడుకు. తాతలనాటి రాగి చేను అమ్ముడుపోయిన రోజు. దేశానికి ఏది మంచిదో తేల్చేముందు, ఆ పెట్టుబడి ముప్ఫయ్యేళ్ళుగా కాపురమున్న ఊరిలో ఏమి జరిగిందో చూడడం న్యాయం.

వైట్‌ఫీల్డుకు పోయే మెట్రో దారిలో ఒక స్టేషను పేరు పట్టందూరు అగ్రహార. అగ్రహారమంటే పూర్వం పాలకులు విద్వాంసులకు దానమిచ్చిన గ్రామమని పెద్దలకు తెలిసినదే. అటువంటి దానానికి శాసనం వేయించేవారు. భూమి ఎల్లలు ఏవి, నీటి హక్కు ఎవరిది, ఏ పన్ను ఉంది, ఏ పన్ను లేదు, ఎవరు సాక్షులు అన్నది రాతిమీద చెక్కించి, పదిమంది కంటపడే చోట నిలబెట్టేవారు. ఈనాడు ఆ అగ్రహారం పక్కనే అంతర్జాతీయ సాంకేతిక పార్కు అద్దాల మేడలు లేచి ఉన్నాయి. అవీ ఒక ఒడంబడికమీదనే లేచినవి. ఆ ఒడంబడికలో ఏముందో ఊరిలో ఎందరికి తెలుసునన్న ప్రశ్న చుట్టూనే ఈ ప్రసంగమంతా తిరుగుతుంది.

తెలుగునాటకు విదేశీ వర్తకం కొత్తది కాదు. 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నంలో స్థావరం ఏర్పరచుకున్నారు. 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా వారికి బంగారు ఫర్మానా అని పేరుపడిన అనుమతి ఇచ్చాడు. ఏటా 500 వరహాలు చెల్లిస్తే చాలు, గోల్కొండ రేవులలో స్వేచ్ఛగా వర్తకం చేసుకోవచ్చునని దాని తాత్పర్యం. వర్తకం పదింతలైనా అవే 500 వరహాలు! గడువు ముగిశాక తిరిగి లెక్క చూద్దామన్న ఏర్పాటు గాని, వర్తకుల ఖాతాలు దర్బారు చూడవచ్చునన్న షరతు గాని అందులో లేవు. సుల్తాను పిలిచి పీట వేశాడు సరే, ఆ పీట ఎన్నాళ్ళు, ఏ లెక్కన అన్నది మరిచాడు. తరువాతి కథ పాఠ్యపుస్తకాలలో ఉన్నదే. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో, 1766లో నిజాముతో ఒప్పందంతో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి పోయాయి. తుపాకులకంటె ముందు వచ్చినది బలహీనమైన కాగితం.

స్వాతంత్ర్యానంతరం మన దేశం విదేశీ పెట్టుబడి పేరెత్తితే ఉలికిపడడానికి ఈ జ్ఞాపకమే కారణం. ఆ భయం అకారణం కాదు. అయితే భయం ఒక్కటే విధానం కాజాలదు. 1991 మధ్యలో విదేశీ మారకం నిల్వలు కొద్ది వారాల దిగుమతులకు కూడా చాలని స్థితి ఏర్పడి, బంగారాన్ని విదేశీ బ్యాంకులలో కుదువపెట్టవలసివచ్చింది. ఆ జూలైలో, ఒక తెలుగువాడు ప్రధానమంత్రిగా ఉన్న ప్రభుత్వం కొత్త పారిశ్రామిక విధానాన్ని ప్రకటించింది. పి.వి. నరసింహారావు హయాములో 34 ప్రాధాన్య పరిశ్రమలలో 51 శాతం వరకు విదేశీ వాటాకు తనంతట తానే అనుమతి లభించే ఏర్పాటు వచ్చింది. తలుపు తెరుచుకుంది.

ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. షేర్ల బజారులో ఉదయం వచ్చి సాయంత్రం వెళ్ళిపోగల సొమ్ము వేరు. భూమిమీద ఫ్యాక్టరీగానో కార్యాలయంగానో నిలిచే సొమ్ము వేరు. మొదటిది 1997లో థాయిలాండును ఏ గతికి తెచ్చిందో ప్రపంచం చూసింది. చిలీ దేశం 1991లోనే ముందుచూపుతో ఒక చిన్న అడ్డుకట్ట వేసింది. బయటినుంచి వచ్చే స్వల్పకాలిక సొమ్ములో మొదట 20 శాతం, పిదప 30 శాతం వడ్డీ లేకుండా తమ కేంద్రబ్యాంకులో ఉంచాలని నిర్బంధించింది. నిలబడదలచినవాడికి అది భారం కాదు, పారిపోదలచినవాడికి భారం. రెండవ రకపు పెట్టుబడి అంత తేలికగా పారిపోలేదు. కాని దానిని తెచ్చుకున్న ఊరు కూడా దాని ఫలితాలనుంచి పారిపోలేదు. మన ప్రస్తావన ఆ రెండవ రకాన్ని గురించే.

మహదేవపురకు ఆ పెట్టుబడి వచ్చిన విధం ప్రశంసించదగినదే. 1992లో పి.వి. నరసింహారావుకూ, సింగపూరు ప్రధాని గో చోక్ టోంగ్‌కూ నడుమ బెంగుళూరులో సాంకేతిక పార్కు నెలకొల్పే ఆలోచన పుట్టింది. 1994లో సంయుక్త సంస్థ ఏర్పడింది. సింగపూరు సంస్థల కూటమికి 40 శాతం, టాటాలకు 40 శాతం, కర్ణాటక పారిశ్రామిక ప్రాంతాల అభివృద్ధి మండలికి 20 శాతం వాటాలు. ఆ వాటాల అమరికలో వివేకం ఉంది. విదేశీయులకు నిర్మాణ నైపుణ్యం, స్వదేశీ సంస్థకు ఇక్కడి వ్యవహారజ్ఞానం, ప్రభుత్వానికి బల్లదగ్గర ఒక కుర్చీ. కరెంటు కోతలు నిత్యకృత్యమైన ఆ రోజులలో దాదాపు 68 ఎకరాల ఆవరణకు సొంత విద్యుత్కేంద్రం కట్టారు. లోపలి రోడ్లు నున్నన, దీపాలు ఆరవు, లిఫ్టులు ఆగవు. ప్రభుత్వాలు మారాయి, పార్టీలు మారాయి. 1994నాటి మాట మాత్రం తప్పలేదు. ఆ నమ్మకం చూసి ఇతర సంస్థలు వచ్చాయి. 2000లో అమెరికాకు చెందిన జనరల్ ఎలెక్ట్రిక్ తన పరిశోధనాకేంద్రాన్ని ఈ వైట్‌ఫీల్డులోనే ప్రారంభించింది. ఇంజనీరింగు చదివిన యువకులు ఉద్యోగం కోసం సముద్రాలు దాటవలసిన అగత్యం కొంత తగ్గింది. ఈ బడి గడప దాటి వెళ్ళినవారిలోనూ ఆ మేడలలో పనిచేసినవారు ఉన్నారు. ఆ మేలును కాదనడం కృతఘ్నత.

అయితే ప్రహరీ లోపల అంత చక్కగా సాగిన పాలన ప్రహరీ బయట ఎందుకు సాగలేదు? విదేశీ కంపెనీని నిందించడం ఇక్కడ తేలిక. కాని అది తనకు చెప్పిన పని చేసింది. తన కరెంటు తాను ఉత్పత్తి చేసుకుంది, తన రోడ్డు తాను వేసుకుంది. ప్రహరీ బయటి రోడ్డు, కాలువ, చెరువు, మురుగు ఎవరివి? అవి స్థానిక సంస్థవి. ఆ స్థానిక సంస్థకు ఒడంబడికలో చోటే లేదు. ఢిల్లీకి ఉంది, సింగపూరుకు ఉంది, బొంబాయిలోని టాటాలకు ఉంది, రాష్ట్ర రాజధానిలోని మండలికి ఉంది. వేలాది మంది ఉద్యోగుల బరువు మోయవలసిన ఊరికి మాత్రం సంతకం పెట్టే చోటు లేదు.

చిత్రమేమంటే తలుపు తెరిచిన ఆ ప్రభుత్వమే రాజ్యాంగానికి 73, 74 సవరణలు కూడా చేసింది. 1993లో అవి అమలులోకి వచ్చాయి. గ్రామసభలకూ, పురపాలక సంఘాలకూ నిధులూ విధులూ అప్పగించాలని, అయిదేళ్ళకొకసారి తప్పక ఎన్నికలు జరపాలని వాటి సారాంశం. పురపాలికలకు అప్పగించదగినవిగా 18 విషయాలు పన్నెండవ షెడ్యూలులో చేర్చారు. పట్టణ ప్రణాళిక, రోడ్లు, నీటి సరఫరా, మురుగు పారుదల అందులో ఉన్నాయి. 1991 సంస్కరణను రాష్ట్రాలు పోటీలుపడి అమలుచేశాయి. 1993 సంస్కరణను అదే ఉత్సాహంతో ఎవరు అమలుచేశారు? రెండెద్దుల బండికి ఒక ఎద్దును మాత్రం మేపితే బండి గిరగిర తిరుగుతుందేగాని ముందుకు పోదు.

పురపాలక సంఘంగా ఉండిన మహదేవపురను మరి ఆరు పురపాలక సంఘాలతో, కెంగేరి పట్టణంతో, 110 గ్రామాలతో కలిపి 2007లో బృహత్ బెంగుళూరు మహానగర పాలికలో విలీనం చేశారు. అదే 2007 ఆగస్టులో పార్కును కలిగి ఉన్న ట్రస్టు సింగపూరు స్టాకు ఎక్స్ఛేంజిలో నమోదయింది. తరువాతి కాలంలో పార్కులో మెజారిటీ వాటా సింగపూరు పక్షానిదే కాగా, ప్రభుత్వ మండలి వాటా మొదటి 20 శాతం నుంచి ఒకటే అంకెలోకి దిగిపోయింది. ఇది చట్టవిరుద్ధం కాదు, రహస్యమూ కాదు. కాని మన భూమి ఇచ్చి సంపాదించిన కుర్చీని ఎందుకు, ఎంతకు, ఎవరిని అడిగి చిన్నది చేసుకున్నాము అన్న ప్రశ్న ఏ వార్డు సభలోనైనా చర్చకు వచ్చిందా? ఆనాడు ఆ భూమిలో రాగి పండించిన రైతుకు పరిహారం ఒక్కసారే అందింది. ఆ భూమిమీది అద్దె ఏటేటా పెరుగుతూ వస్తోంది. 500 వరహాల ఫర్మానా తారుమారై ఇక్కడ మళ్ళీ కనబడుతుంది.

పాలికలోని మండలాలలో ఆస్తిపన్ను వసూలులో మహదేవపుర అగ్రస్థానంలో నిలుస్తూ వచ్చింది. ఇంత పన్ను కట్టే ప్రాంతానికి 2020 సెప్టెంబరులో పాలక మండలి గడువు ముగిసిన తరువాత, 2025 సెప్టెంబరులో నగరాన్ని అయిదు కార్పొరేషన్లుగా విభజించేవరకు ఎన్నికైన కార్పొరేటరు ఒక్కడూ లేడు. అయిదేళ్ళు! ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు ఆరుకు వచ్చేంత కాలం. ఆ అయిదేళ్ళలోనే 2022 వరదలు వచ్చాయి. ఆగస్టు 30న అవుటర్ రింగ్ రోడ్డు మునిగి ఉద్యోగులు గంటల తరబడి చిక్కుకుపోతే, ఆ ఒక్కరోజు నష్టం 225 కోట్ల రూపాయలని అక్కడి కంపెనీల సంఘం ముఖ్యమంత్రికి లేఖ రాసింది. సెప్టెంబరు మొదటి వారంలో లక్షల జీతగాళ్ళు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్ళిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. కంపెనీలు ముఖ్యమంత్రికి లేఖ రాయగలవు. పూరింట్లో నీరు చేరిన కూలీ ఎవరికి రాస్తాడు? అతడు రాయవలసిన కార్పొరేటరు పదవే ఆనాడు ఖాళీగా ఉంది.

ఆ వరదకు మూలం ఆకాశంలో లేదు. ఈ ప్రాంతపు చెరువులన్నీ గొలుసుకట్టువి. పై చెరువు నిండితే మిగులు నీరు రాజకాలువ గుండా కింది చెరువుకు పోయే ఏర్పాటు మన పూర్వులు చేశారు. రాయలసీమలోనూ, కోలారులోనూ పుట్టిపెరిగినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. రాజకాలువ మీద కట్టడం లేస్తే నీరు దారి తప్పుతుంది. మురుగు శుద్ధికాకుండా చెరువులో కలిస్తే చెరువు చస్తుంది. 2015లో వర్తూరు చెరువు నురగ రోడ్డుమీదికి ఎగిరిపడింది. బెళ్ళందూరు చెరువులో 2017లోనూ, 2018లోనూ మంటలు లేచాయి. నీటికి నిప్పంటుకున్నదంటే చదువుకున్నవారు కూడా మొదట నమ్మలేదు. 2018 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునలు ఈ చెరువుల విషయంలో రాష్ట్రప్రభుత్వానికి 50 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఆ జరిమానా కూడా ప్రజల సొమ్మే కదా!

పెట్టుబడిని నడిపించే పాలనకు మొదటి లక్షణం మాట నిలకడ. మహదేవపురలో ఉండి అమరావతిలో కొరవడినది అదే. 2015లో రాజధాని కోసం రైతులు దాదాపు 33,000 ఎకరాలు భూసమీకరణకు ఇచ్చారు. భూమిని గుంజుకొని పరిహారం చేతిలో పెట్టకుండా, అభివృద్ధి చేసిన స్థలంలో వాటా ఇస్తామన్న ఆ పద్ధతి పట్టందూరు అగ్రహార రైతుకు దక్కని న్యాయమే. అక్కడికీ సింగపూరువారే వచ్చారు. ఇక్కడి పార్కును కట్టిన అసెండాసు వారసత్వపు సంస్థే మరొక సంస్థతో కూటమిగా ఏర్పడి, 2017లో 1,691 ఎకరాల తొలి అభివృద్ధి ప్రాంతానికి ఎంపికయింది. వాటాలు వారికి 58 శాతం, రాష్ట్రానికి 42 శాతం. భూమి మనది, మౌలిక వసతుల ఖర్చు మనది, పెద్దవాటా వారిదా అని విమర్శలు వచ్చాయి. అందులో సబబు లేకపోలేదు. 2019లో ప్రభుత్వం మారింది. నవంబరులో ఒప్పందం రద్దయింది. షరతులు బాగులేకపోతే కూర్చుండి సవరించుకోవచ్చు. ఒక ప్రభుత్వం తొందరపడి ఇవ్వడం, మరొక ప్రభుత్వం తొందరపడి తీసివేయడం ఒకే జబ్బుకు రెండు లక్షణాలు. వచ్చినవారు మరొక దేశానికి పోయి మరొక పార్కు కట్టుకుంటారు. భూమి ఇచ్చిన రైతు మాత్రం ఏళ్ళ తరబడి దీక్షా శిబిరంలో కూర్చున్నాడు.

రెండవ లక్షణం, తనది కానిదానిని వాగ్దానం చేయకపోవడం. విశాఖ మన్యంలో బాక్సైటు ఉన్నది. అది షెడ్యూల్డు ప్రాంతం. అటువంటి చోట ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు కంపెనీలకు గనుల కౌలుకు ఇవ్వరాదని 1997 జూలైలో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పదేళ్ళు తిరక్కుండానే, తవ్వకం ప్రభుత్వ సంస్థ చేస్తుంది, ఖనిజం మాత్రం కంపెనీకి సరఫరా అవుతుందన్న ఏర్పాటుతో అరబ్బు ఎమిరేటు అయిన రస్ అల్ ఖైమా పెట్టుబడిని రాష్ట్రం ఆహ్వానించింది. మాకవరపాలెం దగ్గర శుద్ధి కర్మాగారం లేచింది. కొండమీది గిరిజనులు ఒప్పుకోలేదు. 2015లో ఇచ్చిన తవ్వకం అనుమతి ఆందోళనల నడుమ నిలిచిపోయి, 2019లో రద్దయింది. కర్మాగారం ఉంది, ఖనిజం లేదు. ఈలోగా 2016లో ఆ విదేశీ సంస్థ అంతర్జాతీయ మధ్యవర్తిత్వాన్ని ఆశ్రయించింది. గ్రామసభను ముందు అడిగి ఉంటే ‘వద్దు’ అన్న జవాబు ఖర్చు లేకుండా దొరికేది. ఆలస్యంగా అడిగినందువల్ల అదే జవాబు కోర్టు ఫీజులతో సహా వచ్చింది. అభివృద్ధికి అడ్డు పడుతున్నారని ఆ గిరిజనులను నిందించిన వ్యాసాలు పత్రికల్లో కనబడ్డాయి. నిజానికి ఆ వ్యవహారం మొత్తంలో తన చట్టం తాను తెలిసి మాట్లాడినవారు వారే.

మూడవ లక్షణం, చదివి సంతకం పెట్టడం. ఇది చెప్పడానికి తేలిక. మహారాష్ట్రలో దాభోల్ విద్యుత్కేంద్రం విషయంలో ఎన్రాన్ సంస్థతో 1993లో కుదిరిన కొనుగోలు ఒప్పందం అందుకు పెద్ద ఉదాహరణ. ఆ ప్రణాళిక ఆర్థికంగా నిలవదని ప్రపంచబ్యాంకే ఆ సంవత్సరం హెచ్చరించింది. అయినా ఒప్పందం సాగింది, 1995లో రద్దయింది, మళ్ళీ సవరణతో బతికింది, 1999లో ఉత్పత్తి మొదలయింది, ధర భరించలేక 2001లో మూతపడింది. కరెంటు వాడినా వాడకపోయినా చెల్లించవలసిన షరతు పెట్టినవారిది ఎంత తప్పో, ఒప్పుకున్నవారిదీ అంతే తప్పు. ఆ తరువాత మాధవ్ గోడ్బోలే అధ్యక్షతన వేసిన సంఘం పాలనాయంత్రాంగపు వైఫల్యాన్ని కఠినంగానే తప్పుపట్టింది. ఒప్పందం చదవగల న్యాయవాదులు, విద్యుత్ లెక్కలు వేయగల ఇంజనీర్లు ప్రభుత్వం పక్షాన ఉండకపోతే, ఎదుటి పక్షాన తప్పకుండా ఉంటారు. ఆఫ్రికాలో బోట్స్వానా అనే చిన్న దేశం ఈ సంగతి గ్రహించింది. వజ్రాల గనులు తవ్విన డీబీర్స్ కంపెనీతో 1969లో ఏర్పడిన సంస్థలో మొదట కొద్ది వాటాతో తృప్తిపడి, నిక్షేపాల విలువ బయటపడ్డాక తిరిగి బేరమాడి, 1970ల మధ్యకు సగం వాటా సంపాదించింది. గోల్కొండ సుల్తాను చేయని పని అదే. వజ్రాల ఊరు మనది, పాఠం నేర్చినది వారు!

రాష్ట్రాలు ఒకదానితో ఒకటి పోటీపడి భూమి చౌక, పన్ను మాఫీ, కరెంటు రాయితీ అంటూ వేలంపాట పాడుకోవడం మరొక బలహీనత. సంతలో అమ్మేవారే పోట్లాడుకుంటే లాభం కొనేవాడికి. పోటీపడవలసింది మంచి రోడ్డులో, నిలకడైన నీటిలో, చదువుకున్న పనివారిలో.

ఈ చివరిమాట బడికి దగ్గరది కనుక కొంచెం వివరంగా చెప్పుకోవాలి. బెంగుళూరునుంచి అనంతపురం వెళ్ళే దారిలో పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం ఉంది. దక్షిణ కొరియా సంస్థ. 2017 ఏప్రిలులో ఒప్పందం, 2019లో ఉత్పత్తి. పెట్టుబడి దాదాపు 110 కోట్ల డాలర్లు. ఏటా 3 లక్షల కార్లు చేయగల శక్తి. వాన కోసం ఆకాశం వైపు చూసే అనంతపురం జిల్లాలో, నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో, కార్ల ఫ్యాక్టరీ వస్తుందని పాతికేళ్ళ కిందట చెబితే నవ్వేవారు. హంద్రీ–నీవా ద్వారా గొల్లపల్లి జలాశయానికి కృష్ణా నీరు వచ్చాకనే అది సాధ్యమయింది. అంటే కొరియా పెట్టుబడి రాకముందు మన పెట్టుబడి, మన కాలువ, మన ఇంజనీరు పని ఉన్నాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్న సామెతకు అంతకంటె మంచి నిదర్శనం దొరకదు.

ఆ ఉద్యోగాలు ఎవరికన్న ప్రశ్న వెంటనే వచ్చింది. 2019 జూలైలో పరిశ్రమలలో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టం చేసింది. హర్యానాలో అటువంటి చట్టాన్నే 2023లో హైకోర్టు కొట్టివేసింది. 2024 జూలైలో కర్ణాటక ప్రభుత్వం అటువంటి బిల్లునే తలపెట్టి, పరిశ్రమల అభ్యంతరంతో రోజుల వ్యవధిలో పక్కన పెట్టింది. బెంగుళూరు తెలుగు కుటుంబాలలో ఆ వారం పడిన ఆందోళన ఈ సభలో చాలామందికి జ్ఞాపకముండాలి. ఇక్కడ తరతరాలుగా ఉన్నవారు స్థానికులా కాదా అన్న తర్కం ఇంటింటా జరిగింది. భూమి కోల్పోయినవాడి బిడ్డకు గేటు దగ్గర కాపలా ఉద్యోగం, ఎక్కడినుంచో వచ్చినవాడికి మేడమీద ఉద్యోగం అయినప్పుడు ఆ కోపం పుట్టడం సహజం. దానిని చట్టంతో తీర్చగలమనుకోవడం మాత్రం భ్రమ. గేటుకూ మేడకూ నడుమ ఉన్నది చదువు.

మధ్య అమెరికాలోని కోస్టారికా ఆ నడుమ దూరాన్ని కొలిచి చూసింది. 1996లో ఇంటెల్ సంస్థ అక్కడ కర్మాగారం పెట్టడానికి నిశ్చయించినప్పుడు, ఆ ప్రభుత్వం తమ సాంకేతిక విద్యాసంస్థలో పాఠ్యక్రమాలు మార్చి, కొత్త శిక్షణలు ప్రవేశపెట్టింది. 2014లో ఇంటెల్ అక్కడి కూర్పు పనిని ఆసియాకు తరలించింది. ఫ్యాక్టరీ పోయినా నేర్చిన చేతులు మిగిలాయి. ఇంజనీరింగు కేంద్రం అక్కడనే నిలిచింది, ఇతర సంస్థలు చేరాయి. పెట్టుబడికి కాళ్ళున్నాయి. అది వెళ్ళిపోయిననాడు మిగిలేది ఏమిటన్న లెక్క వచ్చిననాడే వేసుకోవాలి.

తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు ఆ మేడలలో చోటెక్కడిదని అడిగే తల్లిదండ్రులు ఉన్నారు. అడగడంలో తప్పులేదు. ఇంగ్లీషు బాగా నేర్పవలసిన పూచీ బడిది, దానిని తప్పించుకోరాదు. కాని దాభోల్ ఒప్పందం రాసినది చక్కని ఇంగ్లీషులోనే, సంతకాలు పెట్టినవారు ఇంగ్లీషు చదివినవారే. చింతపల్లి కొండలలో తమ హక్కు తాము చెప్పుకున్నవారికి ఆ భాష రాదు. భాష నేర్వడం ఒకటి, లెక్క అడగడం నేర్వడం మరొకటి. రెండూ కావాలి.

ఆ లెక్క అడిగే సాధనాలు లేకపోలేదు. 2005 సమాచార హక్కు చట్టం ఉంది. వార్డు కమిటీల ఏర్పాటు చట్టంలో ఉంది. కొత్తగా ఏర్పడిన బెంగుళూరు తూర్పు కార్పొరేషనులో మహదేవపుర, కృష్ణరాజపురం ఉన్నాయి. ఇంత పన్ను పుట్టే ప్రాంతం ఇప్పుడు ఒక కార్పొరేషనులో ముఖ్యభాగమయింది. ఏ సంస్థకు ఏ రాయితీ ఇచ్చారు, దానికి బదులుగా ఏ రోడ్డు, ఏ కాలువ, ఎంతమందికి శిక్షణ రావాలి, గడువు ఎన్నడు అన్నది ఒక్క పుటలో రాసి వార్డు కార్యాలయం గోడకు అతికించమని అడిగితే అది పెట్టుబడికి వ్యతిరేకం కాదు. పూర్వపు అగ్రహార శాసనం చేసిన పని అదే. ఎల్లలు తెలిసిన భూమిలోనే ఎవరైనా నిర్భయంగా ఇల్లు కడతారు; విదేశీయుడైనా సరే.

2007లో నగరంలో చేరిన 110 గ్రామాలకు కావేరి నీరందించే అయిదవ దశ పథకం 2024 అక్టోబరు 16న ప్రారంభమయింది. రోజుకు 77.5 కోట్ల లీటర్ల నీటికి ఏర్పాటు. అంతకు కొద్ది నెలల ముందే, ఆ సంవత్సరం వేసవిలో, బోర్లు ఎండి మహదేవపుర, వైట్‌ఫీల్డు వీధులలో ట్యాంకరు కోసం బిందెలు బారులు తీరాయి. విలీనమయిన పదిహేడేళ్ళకు, పార్కు ఒడంబడిక కుదిరిన ముప్ఫయ్యేళ్ళకు నీరు వచ్చింది. ఆ నీటి పథకానికి సొమ్ము చాలావరకు జపాను సహకార సంస్థ ఇచ్చిన ఋణం. అద్దాల మేడలకు విదేశీ సొమ్ము ముందు వచ్చింది, మంచినీటి గొట్టానికి విదేశీ సొమ్ము ముప్ఫయ్యేళ్ళు వెనుక వచ్చింది. ఈ వరుసను నిర్ణయించినది సింగపూరూ కాదు, జపానూ కాదు.

ఆ ఋణం వాయిదాలు దశాబ్దాలపాటు చెల్లవలసినవి. ఈ సభలో ముందు వరుసన చాపలమీద కూర్చున్న పిల్లలు ఉద్యోగాలలో చేరి, పన్నులు కట్టే వయసు వచ్చాక కూడా చెల్లుతూనే ఉంటాయి. ఆ పద్దు ఏ కార్యాలయంలో ఉంటుందో, ఏ దరఖాస్తు పెడితే చూపిస్తారో ఎనిమిదవ తరగతి పౌరశాస్త్రంలో భాగంగా ఒకసారి వారిని వెంటబెట్టుకొని వెళ్ళి చూపించవచ్చు. కార్పొరేషను కార్యాలయం ఈ బడికి దూరం కాదు.